ఊ కొట్టే తీగ

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని కరెంటు తీగ ఉన్న ప్రతి వస్తువుకూ నేనే డాక్టర్ని. మిక్సీ ఆగిపోయినా, ఫ్యాను కీచుమన్నా, చిన్నాన్న ఫోనులో అక్షరాలు ఉన్నట్టుండి గుమ్మడికాయలంత అయిపోయినా ముందు నాకే కబురు. నేను చేసేది లిఫ్టుల కంపెనీలో మరమ్మతు పని, నాకు అన్నీ రావు అని ఎంత చెప్పినా మా నాన్న ఒకటే అంటాడు, అన్నీ తీగలే కదరా అని.

అందుకే అత్త కంప్యూటరు మూగబోయినప్పుడు కూడా నన్నే పిలిచారు.

అత్త అంటే మా నాన్నకు అక్క. ఇరవయ్యారో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. ఆ తర్వాత ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోను ఆపరేటరుగా ముప్పై ఏళ్లు పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆసుపత్రికి రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఒక్కతే ఉంటోంది. పైకి యాభై రెండు మెట్లు. పదిహేడోది కొంచెం అరిగింది, ముప్పయ్యోది మిగతావాటికన్నా ఎత్తు. నాకు కళ్లుండి కూడా ఆ ముప్పయ్యో మెట్టు దగ్గర ఇప్పటికీ కాలు తగులుతుంది.

ఆ కంప్యూటరు వయసులో నాకన్నా పెద్దది. మిషనంతా కీబోర్డులోనే ఉంటుంది. బొమ్మ కోసం టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రాము క్యాసెట్టు నుంచి ఎక్కించుకోవాలి. ఒకప్పుడు ఇళ్లల్లో ఆటలాడుకోవడానికి కొన్న రకం. ఆసుపత్రి స్టోరులో దుమ్ము కొట్టుకుని పడి ఉంటే, అక్కడి ఎలక్ట్రీషియను దాన్ని అడిగి తెచ్చి అత్త కోసం బాగుచేశాడు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు పెట్టుకునేవాడు కాబట్టి ఆయన్ను ఊరంతా టెస్టర్ అనే పిలిచేది. ఆయన దానికొక మాట్లాడే పెట్టెను జతచేశాడు. అత్త తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే, పెట్టె వాటిని పైకి చదువుతుంది. ఎక్కడో వేరే భాష కోసం తయారైన పెట్టె అది. ళకు దాని నోరు తిరగదు. మొదటిరోజు అత్త "నాకు కళ్లు లేవు" అని టైపు చేస్తే "నాకు కల్లు లేవు" అందట. లేకపోతే పోయిందిలే, నాకు తాగే అలవాటు లేదు అని అత్త దానికి జవాబు చెప్పిందట. టెస్టర్ ఈ ముక్కను కనబడిన ప్రతిసారీ చెప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది.

అత్త రోజూ మధ్యాహ్నం ఒక పేజీ రాస్తుంది. పొద్దుగూకే వేళకు దాన్ని పెట్టెచేత చదివించుకుని వింటుంది. విన్నాక క్యాసెట్టులో దాచుకుంటుంది. ఆదివారం నాన్న వస్తే ఆ వారంలో బాగా కుదిరిన పేజీ ఒకటి ఆయనకూ వినిపిస్తుంది. కింది వాటా ఆవిడ ఎవరితో పోట్లాడింది, పక్కింటి కుర్చీ ఏ వేళకు ఎటు జరిగింది, ఆసుపత్రి రోజుల్లో ఏ డాక్టరు ఏ నర్సుకు లైను కలపమని అడిగి గొంతు సవరించుకునేవాడు, ఇలాంటివి. నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు, అంత తేలిగ్గా నవ్వడు. ఆ పేజీలు విని మాత్రం కళ్లు తుడుచుకునేంత నవ్వేవాడు.

ఒకరోజు పెట్టె ఆగిపోయింది. మూడు వారాలు అత్త ఎవరికీ చెప్పలేదు. నాన్న గమనించి నాకు ఫోను చేశాడు.

వెళ్లి విప్పి చూశాను. కంప్యూటరు బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది. పోయింది వాటి మధ్య ఉన్న సీరియల్ ఇంటర్‌ఫేసు. పేరు పెద్దదే గానీ పని చిన్నది. కంప్యూటరు ఇచ్చే మాటను ఒక్కో అక్షరం చొప్పున వరసలో నిలబెట్టి పెట్టెకు అందించడం. ఇలా చెబితే అత్త, అంటే నా ఉద్యోగమేనన్నమాట అంది.

టెస్టర్ తన చేతుల్తో చేసిన ఇంటర్‌ఫేసు అది. లోపల చిప్పు మాడి నల్లబడింది. దానినుంచి పెట్టెకు వెళ్లే తీగలకు ఆయన చిన్న చిన్న కాగితం ముక్కలు చుట్టి, వాటి మీద పెన్సిలుతో పేర్లు రాశాడు. ఒకదాని మీద "చెప్పు", ఒకదాని మీద "విను", మూడోదాని మీద "నేల". నాలుగోదాని మీద ఒకే అక్షరం, "ఊ". కథ వినేవాడు ఊ కొడితేనే చెప్పేవాడు ముందుకు కదులుతాడు కదా, ఇదీ అంతే. పెట్టె ఆ తీగ మీద ఊ అంటే కంప్యూటరు తర్వాతి అక్షరం పంపుతుంది. అనకపోతే ఆగుతుంది. పుస్తకాల్లో ఆ తీగకు వేరే పేరుంది. ఆయన పెట్టిన పేరు చూసి నవ్వుకున్నాను, అత్తకు చదివి వినిపించాను. ఆమె ఆ కాగితం ముక్కను వేళ్లతో కాసేపు తడుముతూ కూర్చుంది.

పాత ఎలక్ట్రానిక్సు సామాన్లు అమ్మే దుకాణం ఒకటి మా ఊళ్లో ఉంది. దాని యజమాని ఏ మాటైనా మూడుసార్లు చెబుతాడు. అందుకని మేం లిఫ్టువాళ్లం ఆయన్ను గ్రామఫోను అంటాం. ఆయన దగ్గర ఈ కంప్యూటరుకు సరిపోయే ఇంటర్‌ఫేసులు రెండున్నాయి. ఒకటి ఆ కాలం నాటిది. ఇటుకంత ఉంది, అన్ని తీగలూ ఉన్నాయి, కానీ తగిలించే అంచు పచ్చగా చిలుము పట్టింది, పనిచేస్తుందో లేదో ఆయనకే తెలియదు. శుభ్రం చేసి పరీక్ష పెట్టి ఇవ్వడానికి వారం పడుతుందన్నాడు. రెండోది ఈమధ్య పాత కంప్యూటర్ల మీద సరదా ఉన్నవాళ్లెవరో తయారుచేసిన కొత్త కార్డు. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది, తళతళలాడుతోంది, అప్పటికప్పుడు పట్టుకుపోవచ్చు. కానీ దానికి మూడే తీగలు.

"దీనికి ఎదురుమాట లేదు బాబూ," అన్నాడు గ్రామఫోను. "చెప్పుకుంటూ పోవడమే. ఎదురుమాట లేదు. చూసుకో, ఎదురుమాట లేదు."

పర్వాలేదండీ, ఆ తీగను కట్టేస్తాను అన్నాను. మా పనిలో అందరికీ తెలిసిన చిట్కా అది. ఊ తీగను పెట్టెకు కలపకుండా ఎప్పుడూ కరెంటు ఉండే చోట అతికిస్తే, కంప్యూటరుకు అవతలివాడు ఆపకుండా ఊ అంటున్నట్టే కనిపిస్తుంది. అలా కడితే అది డూడూ బసవన్నే, ఏమడిగినా తలూపుతుంది అని గ్రామఫోను మళ్లీ మూడుసార్లు చెప్పాడు. నేను వినిపించుకోలేదు. అత్త అప్పటికే మూడు వారాలు ఆ గదిలో పెట్టె గొంతు వినకుండా గడిపింది. ఇంకో వారం ఆగమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నాకు దొరికిన సెలవు కూడా ఆ ఒక్కరోజే. ఇందులో ఏ కారణం ఎంతో నేనిప్పుడు విడదీసి చెప్పలేను.

సాయంత్రానికి బిగించాను. కార్డులో ఉన్న అన్నిటికన్నా తక్కువ వేగం పెట్టాను, సెకనుకు ముప్పై అక్షరాలు. "అత్తా, నేను వచ్చాను, పెట్టె బాగుపడింది" అని టైపు చేసి మీట నొక్కితే పెట్టె పొల్లుపోకుండా చదివింది. అత్త ముఖం విచ్చుకుంది. డిగ్రీ ఉత్తినే రాదు అంది. ఆ మాట బస్సులో గంటసేపు నాతోనే వచ్చింది.

నేనుండేది ఊరికి ఆ చివర, ఒక్క గది. ఎదురుగా గోడౌను గోడ. రోజూ సాయంత్రం ఏడింటికి అత్తకు ఫోను చేస్తాను. చదువుకునే రోజుల్లో నాన్న పెట్టిన నియమం అది, ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ వేళకు పని నుంచి వచ్చి, ఫోను స్పీకరులో పెట్టి, మర్నాటి లిఫ్టుల రిపోర్టులు రాసుకుంటూ ఉంటాను. అత్త చెబుతుంది, నేను ఊ అంటాను. పది నిమిషాలు. ఆ రోజుకు నేను మనిషితో మాట్లాడింది అదే అయ్యేది చాలాసార్లు.

నెల గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న ఫోను చేశాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

అత్త పేజీలు చిన్నవైపోయాయట. లేచాను, కాఫీ తాగాను, మెట్లు తడిగా ఉన్నాయి, కింద గొడవ, పడుకున్నాను. అంతే, బళ్లో పిల్లల పలక మీద రాతలా. మొదట్లో నీరసం అనుకున్నాడట. ఆరోజు మాత్రం పెద్ద పేజీ ఒకటి చదివించమని తనే బతిమాలాడు. అత్త వద్దంటూనే మీట నొక్కింది. పెట్టె చదువుతూ చదువుతూ, నాన్న అక్కడే మంచం మీద కూర్చుని ఉండగానే, "తమ్ముడు నిన్న రాత్రి చచ్చిపోయాడు" అని చెప్పి తర్వాతి ముక్కకు వెళ్లిపోయింది.

"నా ముందేరా," అన్నాడు నాన్న. "కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని నేను కూర్చునే ఉన్నాను."

అత్తను అడిగితే, పెట్టె మధ్యలో మింగేసింది, నేను రాసింది అది కాదు అందట. నాన్నకు అది మరీ భయమేసింది. మతిమరుపు మొదలైనవాళ్లు తప్పును వస్తువుల మీదికి నెడతారని ఆయనకెవరో చెప్పారు. నన్ను సూటిగా అడిగాడు, పెట్టె బాగానే ఉందా అని.

"బాగానే ఉంది నాన్నా. నేనే బిగించి చూశాను," అన్నాను.

నేనన్న మాట అదే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నాన్న రెండు వారాల్లో ఏర్పాట్లన్నీ చేసేశాడు. ఊరి బయట ఒక వసతి గృహం ఉంది, ఒంటరి ఆడవాళ్ల కోసం. రెండు హాళ్లు, పదహారు మంచాలు, వేళకు తిండి, వేళకు మందులు. మెట్లు లేవు. మూడో అంతస్తులో గ్యాసు పొయ్యితో మతి తప్పిన మనిషిని ఒంటరిగా ఎలా వదిలేస్తాం అన్నాడు. నాన్న తప్పుగా ఏమీ అనలేదు. అత్త నాలుగైదుసార్లు వద్దంది, తర్వాత సరేనంది. ఆమె సరేననడాన్ని కూడా నాన్న జబ్బు కిందే జమకట్టాడు, మా అక్క అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదురా అని. ఆదివారం వ్యాను వస్తుంది. టీవీ, కంప్యూటరు పెట్టుకోవడానికి అక్కడ చోటు లేదట. వాటిని ఊడదీసి అట్టపెట్టెలో సర్దే పని నాకు పడింది.

శనివారం పొద్దున వెళ్లాను. అత్త బట్టలు మడతపెట్టి మంచం మీద వరసగా పేర్చుకుంది. గోడకు ఆనించిన కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, రైలు కోసం కూర్చున్నట్టు. ఊడదీసే ముందు ఒక్కసారి వింటాను అంది. నిన్న పెద్ద పేజీ రాసిందట. ఇక పోయేదే కదా, ఉన్నదంతా రాశాను, అది తిన్నంత తింటుంది అంది. ఆ చివరి ముక్క నాకర్థం కాలేదు.

టీవీ అత్తకు అవసరం లేదు, ఎప్పుడూ ఆపే ఉంచుతుంది. ఊడదీసే ముందు అన్నీ చూసుకోవడం అలవాటు కాబట్టి నేను దాన్ని వేశాను. పేజీ తెర మీదికొచ్చింది. పెట్టె చదవసాగింది. నేను తెర మీద చదువుతూ చెవితో వింటున్నాను. ఐదో వాక్యం, ఆరో వాక్యం, ఇద్దరం కలిసే నడిచాం. తర్వాత నా కళ్లు ఒకచోట ఉన్నాయి, పెట్టె గొంతు నాలుగు వరసలు కిందికి దూకింది. కాసేపు నడిచి మళ్లీ దూకింది.

నిలబడినచోటే లెక్క తేలిపోయింది. నేను సెకనుకు ముప్పై అక్షరాలు పంపిస్తున్నాను. పెట్టె పలికేది పన్నెండో పదమూడో. మిగిలినవి దాని కడుపులో చేరతాయి. కడుపు నిండాక, నోట్లో ఉన్న మాట ముగిసేదాకా, వచ్చింది వచ్చినట్టు పారేస్తుంది. ఆగమని చెబుదామంటే చెప్పే దారి లేదు. ఆ దారిని నేనే సోల్డరుతో మూసేశాను. చిన్న వాక్యంతో పరీక్ష పెట్టాను కాబట్టి ఆరోజు బయటపడలేదు.

అత్తా, ఇది మాటలు మింగుతోంది అన్నాను.

"చెప్పాను కదరా," అంది.

"ఎప్పుడు?"

"నువ్వు బిగించి వెళ్లిన ఐదోనాడు. ఫోనులో. పెద్ద పేజీ పెడితే మింగేస్తోంది, తీరిక చూసుకుని ఒకసారి రా అన్నాను. ఊ అన్నావు. నాలుగు రోజులాగి మళ్లీ చెప్పాను. ఊ అన్నావు."

"మళ్లీ ఎందుకు చెప్పలేదు?"

"ఎంగేజి లైనుకు ఎన్నిసార్లని చేస్తాం."

కోపంగా అనలేదు. ముప్పై ఏళ్లు అదే పని చేసిన మనిషి, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత తనే సర్దుకుంది. పెట్టె ఎన్ని ముక్కలు మింగకుండా చదువుతుందో పెంచుతూ తగ్గిస్తూ చూసుకుంది. ఎనిమిది చిన్న ముక్కలు. అంతే రాయడం మొదలుపెట్టింది. అవతలివాళ్లకు ఎంత పడితే అంతే చెప్పాలి, ఆసుపత్రిలో మొదటిరోజు నేర్పేది అదే అంది. మరి నాన్నకు గట్టిగా చెప్పొద్దా అన్నాను. చెప్పాను, మావాడు చూసి బాగానే ఉందన్నాడు అని మీ నాన్న కొట్టేశాడు, నీ డిగ్రీ ముందు నా చెవులెంత అంది. ఈసారి కొంచెం నవ్వింది కూడా.

నేను నవ్వలేకపోయాను. యాభై రెండు మెట్లూ ఎలా దిగానో గుర్తులేదు.

గ్రామఫోను దుకాణంలో ఆ ఇటుక ఇంకా అదే అరలో ఉంది, అదే చిలుముతో. నన్ను చూడగానే ఆయన చెప్పానా అన్నాడు. చెప్పానా, చెప్పానా అని మిగతా రెండూ పూర్తిచేసేదాకా ఆగి, తప్పు నాదేనండీ అన్నాను. దాంతో ఆయన మెత్తబడ్డాడు. ఒక స్టూలు చూపించి పెన్సిలు రబ్బరు చేతిలో పెట్టాడు. ఆ చిలుముకు అదే మందు. అంచు మీది ఒక్కో రాగి గీతనూ రబ్బరుతో రుద్ది, పొడి ఊది, మళ్లీ రుద్దాను. రెండు గంటలు పట్టింది. ఆయన తన దగ్గరున్న మరో కంప్యూటరుకు తగిలించి చూశాడు. మొదటిసారి పలకలేదు. ఇంకో అరగంట రుద్దాక పలికింది. వారం పడుతుందన్న పని పూటలో తెమిలింది.

అత్త ఇంటికి తిరిగొచ్చి, కొత్త కార్డు తీసేసి ఆ ఇటుకను తగిలించాను, నేను కట్టేసిన ఊ తీగను విప్పి మళ్లీ పెట్టెకు కలిపాను. అదే పేజీ మళ్లీ పెట్టాను. మూడు వాక్యాలు గడిచాయి. ఇంటర్‌ఫేసు మీది చిన్న దీపం ఆరింది. కంప్యూటరు ఆగింది. పెట్టె తన మానాన తను చెప్పుకుంటూ పోయింది. దీపం వెలిగింది, కంప్యూటరు ఇంకో గుప్పెడు అక్షరాలు అందించి మళ్లీ ఆగింది. తెర మీద నా కళ్లూ చెవిలో ఆ గొంతూ చివరి చుక్క దాకా విడిపోలేదు. ముగిశాక అత్త, నువ్వింక వెళ్లు, నేను రాసుకోవాలి అంది.

ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన సగం విన్నాడు. తీగల సంగతి నాకెందుకురా, వాళ్లకు మాట ఇచ్చేశాను, రేపొచ్చాక చూద్దాం అన్నాడు.

ఆదివారం పదింటికి వ్యాను వచ్చింది. డిపోలో నాన్నతో పనిచేసినాయన తోలుకొచ్చాడు, ఆయన కిందే ఉండిపోయాడు. నాన్న పైకొచ్చి, ఎప్పుడూ లేనంత హుషారుగా, సర్దుకున్నావా అక్కా అన్నాడు. అత్త సర్దుకున్నానంది. నీ ముందు ఒక పేజీ విని బయల్దేరదాం, కూర్చో అంది. నాన్న నావైపు చూశాడు, మంచం అంచున కూర్చున్నాడు.

పెట్టె పదకొండు నిమిషాలు చదివింది. ఆ పేజీ మొత్తం నేను తిరిగి చెప్పలేను. మొదట్లోనే ఇలా ఉంది: "రేపు తమ్ముడు నన్ను తీసుకుపోవడానికి వస్తున్నాడు. మంచివాడు. బస్సు నడిపినవాడు కాబట్టి ఎక్కినవాళ్లను ఎక్కడో ఒకచోట దింపితేగానీ నిద్రపట్టదు." నాన్న తల దించుకున్నాడు. ఆ తర్వాత, ఆరోజు పెట్టె మింగిన వాక్యాన్ని అత్త మళ్లీ రాసింది, ఈసారి అది పూర్తిగా వచ్చింది. తమ్ముడు వచ్చాడు, వాళ్ల డిపోలో బ్రేకులు చూసే ముసలి మెకానిక్కు నిన్న రాత్రి చచ్చిపోయాడు, ఆ మాట చెప్పి ఏడ్చాడు, ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకని ఇక్కడ రాస్తున్నాను అని.

చివర్లో నా గురించి ఉంది. "మేనల్లుడు రోజూ ఏడింటికి ఫోను చేస్తాడు. వాడి ఊ మూడు రకాలు. విన్న ఊ, వినని ఊ, తింటున్న ఊ. మొదటిది వినబడి చాలా రోజులైంది. వాణ్ణి తప్పుపట్టను. వాడికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు, అందుకే వినడం మర్చిపోయి ఉంటాడు."

పెట్టె ఏ మాటనైనా ఒకే గొంతుతో చదువుతుంది.

అయిపోయాక నాన్న, ఇది నువ్వొక్కదానివే రాశావా అక్కా అన్నాడు.

"లేదు, పదిమందిని కూలికి పెట్టాను."

నాన్న నవ్వాడు. నవ్వు మధ్యలో పాడైంది, తువ్వాలు తీసి ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తీసి వసతి గృహంవాళ్లకు చెప్పాడు, మా అక్క రావడం లేదండీ, మంచం ఎవరికైనా ఇచ్చేయండి అని. మంచం మీది బట్టల్ని తనే తీసి అలమరలో పెట్టాడు. ఏ అరలో ఏది పెట్టాలో తెలియక కలిపేస్తుంటే అత్త కుర్చీలోంచే చెప్పింది, చీరలు పైన, కింద కాదు అని.

తలుపు దగ్గర నాతో, వినబడీ వినబడనట్టు అన్నాడు. "బాగానే ఉందని నువ్వు అన్నావు కాబట్టే ఇంతదాకా వచ్చాను. చదువుకున్నవాడివి, నీ మాట నమ్మాను." తిట్టుంటే బాగుండేది. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను పనిముట్లు సంచీలో వేసుకుంటుంటే అత్త పిలిచింది. రోజూ ఏడింటికి చెయ్యకు అంది. డ్యూటీ ఎక్కినట్టు చేస్తావు, నాకు బాగోదు, నీకూ బాగోదు. ఏదైనా చెప్పాలనిపించిన రోజు చెయ్యి.

"మరి నీ సంగతులో?" అన్నాను.

"నా సంగతులు వినడానికి పెట్టె ఉంది కదా."

సోమవారం ఏడయింది. ఫోను పక్కన పెట్టుకుని రిపోర్టులు రాశాను, మామూలుకన్నా తొందరగా అయిపోయాయి. మంగళవారం కూడా అంతే. చెప్పడానికి నా దగ్గర ఏముందా అని వెతుక్కున్నాను. గదిలో బల్బు పోయింది, మార్చాను. అది ఎవరికైనా చెప్పే సంగతి కాదు. బుధవారం గోడౌను గోడకు సున్నం వేశారు.

గురువారం మాత్రం ఒకటి దొరికింది. ఒక మేడలో లిఫ్టు ఎవరూ నొక్కకుండానే నాలుగో అంతస్తులో ఆగుతోందని మూడు రోజులుగా ఫిర్యాదు. ఆ అంతస్తులో ఈమధ్యే ఒకాయన పోయాడట, ఆయనే ఇంటికొస్తున్నాడని కాపలా అతను కథ అల్లేశాడు. నేను పొద్దున్నుంచీ మోటారు చూసి, బోర్డు చూసి, తల ప్రాణం తోకకొచ్చాక చూస్తే, బటను పక్కన మేకుకు ఎవరో గొడుగు తగిలించారు. కిటికీలోంచి గాలి వీచినప్పుడల్లా దాని వంకీ వెళ్లి బటను నొక్కుతోంది. బస్సులో నిలబడి ఆ కథను ఎక్కడ మొదలుపెట్టాలి, గొడుగు సంగతి ఎక్కడ బయటపెట్టాలి అని గంటసేపు పేర్చుకున్నాను. గదికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఫోను చేశాను.

అత్త వెంటనే ఎత్తింది. వెనకాల పెట్టె గొంతు వినబడుతోంది, ఎక్కడా ఆగకుండా.

"పేజీ చదువుతోందిరా," అంది. "మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి వినాలి. అయ్యాక చెయ్యి."

ఎంతసేపు పడుతుందన్నాను. ఇవాళ చాలా ఉంది అని పెట్టేసింది.

చెప్పులు విప్పి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.